అంగీ మీది వాసన

ఉలిగెమ్మ పురుగుమందు డబ్బాను చెవి దగ్గర ఆడించి చూసింది. పత్తిచేలకు కొట్టగా మిగిలిన మందు అడుగున ఇంకా కదులుతోంది. మూత బిగించి దూరంగా పెట్టింది. ఎండకు పులిసి కంపు కొడుతున్న పాల కవర్లను ఎడమ కుప్పలోకి, పగిలిన బిందెను కుడి కుప్పలోకి, తెగిన చెప్పును వెనక్కి విసిరింది. ఈ పనికి కళ్లు అక్కర్లేదు, చేతులు చాలు. అందుకే ఆమె కళ్లు పొద్దున్నించీ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్న షావుకారు గురునాథ్ మీదే ఉన్నాయి.

ఆ రేకుల షెడ్డు శక్తినగర్ రోడ్డులో ఉంది. రాయచూరు పట్నం వాడి పారేసిన ప్లాస్టిక్‌ను సంచుల్లో వేసుకుని ఆటోలు పొద్దున్నే దాని ముందు వరస కడతాయి. ఆడవాళ్లు ఏరుతారు, తొట్లలో కడుగుతారు. ఆరిన సరుకును మిషన్ నోట్లో వేస్తే గోరంత ముక్కలై కింద పడుతుంది. ఆ ముక్కలు గోతాల్లో హైదరాబాదు పోతాయి. గురునాథ్ తాత బజారులో ఇత్తడి గిన్నెలు అమ్మాడు, తండ్రి ప్లాస్టిక్ బిందెలు అమ్మాడు. తను ఆ బిందెలు పగిలాక కొంటున్నాడు.

ఉలిగెమ్మ పొట్టి మనిషి. ఏళ్ల తరబడి నేలమీద వంగి పనిచేయడంతో కుడి భుజం కిందికి జారింది. వేళ్ల కొసలు పగిలి, పగుళ్లలో నలుపు చేరి, ఏ సబ్బుకీ వదలకుండా ఉంది. మాట తక్కువ. మొగుడు చచ్చిన చోటే పనిచేస్తోందంటే పాపం గతిలేక అనుకుంటారు తోటివాళ్లు. గతిలేక కాదు. బజారులో ఇంకో రెండు అంగళ్లవాళ్లు రమ్మన్నారు, పోలేదు. ఆ గురునాథ్ రోజూ కళ్లముందు ఉండాలి. వాడి జుట్టు తెల్లబడటం, పళ్లు ఊడటం, మెట్లెక్కితే ఆయాసపడటం తను చూడాలి. కిందటేడు గురునాథ్ స్కూటర్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడని తెలిసిన సాయంత్రం ఆమె మండక్కీ బొరుగులు, మిర్చీ బజ్జీ కొనుక్కుని, రోడ్డు పక్కన నిలబడి తృప్తిగా తిన్నది. అంతకుముందు ఎన్నాళ్లనుంచో తిండి అంత రుచిగా అనిపించలేదు.

ఆమె మొగుడు జంబన్నది దేవదుర్గ అవతలి పల్లె. వానల్లేక పట్నం వచ్చి ఈ మిషన్ మీద కుదిరాడు. ఒకరోజు మిషన్ నోట్లో తడి గోతం ఇరుక్కుంది. అప్పుడే కరెంటు పోయింది. నోటి మీద ఉండాల్సిన ఇనుప మూతను, పని జోరుగా సాగాలని గురునాథ్ ముందే తీయించేశాడు. జంబన్న చెయ్యి లోపల పెట్టి గోతం లాగుతుండగా కరెంటు వచ్చింది.

ఆ రోజుల్లో ఉలిగెమ్మ ఇళ్లలో గిన్నెలు తోమేది. కబురంది, ఐదేళ్ల పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. జంబన్నకు మోచేతి కింద గోనెగుడ్డ తప్ప ఏమీ లేదు. అంగీ నుంచి బ్రాందీ వాసన గుప్పుమంది. "ఎంత చెప్పినా ఇనడు. తాగొచ్చి మిషన్ల చెయ్యి పెట్టిండు," అని గురునాథ్ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. రక్తం ఆగక జంబన్న పోయాడు. చుక్క ముట్టని మనిషి తాగుబోతుగా పోయాడు. ఠాణాలోనూ అదే మాట నిలిచింది.

అన్నిటికంటే ఉలిగెమ్మను కోసింది వేరే. ఆ వాసన కూతురు పావని కూడా పీల్చింది. బడిలో తాగుబోతు బిడ్డ అన్నారు, వాడలో అన్నారు. పెరిగి పెద్దదై ఇదే షెడ్డులో తొట్టి దగ్గర పనికి చేరినా పావని తండ్రి మాట ఎత్తదు. ఇంట్లో గోడమీది ఫొటో వైపు చూడదు. "తాగకపోతే వాసనెందుకొస్తదమ్మా?" అని ఒకసారి అడిగింది.

మధ్యాహ్నం రేకుల కింద ఎండ ఉడికిస్తోంది. లారీ వచ్చి గేటు ముందు నిలబడింది. మిషన్ నడిపే కోటి ఆ రోజు రాలేదు. గురునాథ్ చొక్కా చేతులు మడిచి తనే సరుకు వేయసాగాడు. ఎరువుల గోతాల కట్ట ఒకటి నైలాన్ తాడుతో సహా లోపలికి పోయింది. మిషన్ మూలిగి, పళ్లు బిగుసుకుని ఆగిపోయింది. మరుక్షణం ఫ్యానులు కూడా ఆగాయి.

"థూ, గిప్పుడే పోవాల్నా ఈ కరెంటు!" అన్నాడు గురునాథ్. లారీ డ్రైవరు బయట హారన్ కొట్టాడు.

గురునాథ్ స్టూలు ఎక్కాడు. మూత ఇప్పటికీ లేదు. చెయ్యి లోపలికి పెట్టి తాడును గుంజాడు. బరువైన ఇరుసు కొంచెం వెనక్కి దొర్లింది. తాడు అతని మణికట్టు చుట్టూ బిగుసుకుంది. లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. అప్పుడు తల తిప్పి గోడమీది స్విచ్చు చూశాడు. పిడి పైకే ఉంది, కరెంటు వస్తే మిషన్ తిరుగుతుంది.

ఉలిగెమ్మ అప్పటికే లేచింది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. స్విచ్చు ముందు నిలబడి ఉంది.

"ఉలిగెమ్మా, స్విచ్ దించు! జల్దీ!"

ఆమె పిడి మీద చెయ్యి వేసింది. దించలేదు.

"సావుకారీ, నా మొగడు ఆ దినం తాగిండా?"

"దిమాగ్ ఖరాబైందా నీకు? కరెంటొస్తే నా చెయ్యి పోతది!"

"పోతది. నాకెరుకే. అడిగిందానికి చెప్పు."

తొట్టి దగ్గరనుంచి పావని తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏం జేస్తున్నవ్? దించమ్మా!"

"నువ్వాడ్నే ఉండు. ఇను."

తల్లి మొహంలో ఏం కనబడిందో, పావని అక్కడే ఆగిపోయింది. ఆడవాళ్లంతా పని ఆపి లేచి నిలబడ్డారు. ఎవరూ ముందుకు రాలేదు. షెడ్డులో గురునాథ్ ఊపిరి ఒక్కటే వినబడుతోంది. ఉలిగెమ్మ నెత్తిమీద ఆగిన ఫ్యాను రెక్కలవైపు చూసింది. కరెంటు రావాలి, ఇప్పుడే రావాలి అని ఆమె లోపల ఒక గొంతు అడుగుతోంది. ఇన్నేళ్లలో ఏ దేవుణ్ణీ ఆమె అంత గట్టిగా ఏదీ అడగలేదు.

"తాగలే," అన్నాడు గురునాథ్.

"గట్టిగ చెప్పు."

"తాగలే! వాడు తాగలే! స్విచ్ దించి చెయ్యి పెడతనన్నడు, నేనే వద్దన్న. దించి మళ్ల ఎక్కించేదెందుకు, జల్దీ తియ్యమన్న. దించు తల్లీ, నీ కాళ్లు మొక్కుత!"

"మరి అంగీ మీద వాసనేంది?"

గురునాథ్ కళ్లు మూసుకున్నాడు. చెమట గడ్డం మీంచి మిషన్ నోట్లోకి కారుతోంది.

"నేనే పోసిన. సంచులల్ల వచ్చిన బ్రాందీ సీసాల అడుగున మిగిలింది... ఆటోల ఏసేటప్పుడు వాని అంగీ మీద నేనే పోసిన."

తొట్టివైపు నుంచి చిన్న శబ్దం వచ్చింది. పావని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిషన్ పక్కన ఏళ్లు గడిపి వినికిడి తగ్గిన ముసలామె, సింధనూరు దగ్గరి ఆంధ్రావాళ్ల క్యాంపు నుంచి వచ్చిన హనుమాయమ్మ, పక్కామెను మోచేత్తో పొడిచింది. "ఏంటంటన్నాడే? నాకు వినపళ్లేదు."

"ఆమెకు ఇనపళ్లేదంట," అన్నది ఉలిగెమ్మ. "మళ్ల చెప్పు సావుకారీ."

గురునాథ్ ఏడుస్తూ మళ్లీ మొత్తం చెప్పాడు. ఈసారి గేటు దగ్గర లారీ డ్రైవరుకు కూడా వినబడింది. ఉలిగెమ్మ తొందరపడలేదు. ఒక్కో మాటనూ పూర్తిగా విన్నది. చెప్పడం అయిపోయాక కూడా పిడి పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. ఆ కాసేపు దేనికని ఎవరూ అడగలేదు.

"అమ్మా, చాలు," అన్నది పావని, మెల్లగా.

ఉలిగెమ్మ పిడిని కిందికి దించింది. ఇద్దరు ఆడవాళ్లు కత్తి తెచ్చి తాడు కోశారు. తోలు లేచిన మణికట్టును కడుపుకు అదుముకుని గురునాథ్ స్టూలు దిగుతుండగా ఫ్యానులు తిరిగాయి. ట్యూబులైట్లు వెలిగాయి. మిషన్ కదల్లేదు.

ఉలిగెమ్మ తన చేతివైపు చూసుకుంది. ఇంకొంచెం ఆగాల్సింది అనుకుంది. ఆ మాట అనుకున్నందుకు ఆమెకు సిగ్గేమీ అనిపించలేదు. వాడి చెయ్యి తనకు దక్కలేదు, మాట దక్కింది. రేపు వాడు కాదంటాడు, భయపెట్టి చెప్పించిందంటాడు. అననీ. వినాల్సిన మనిషి విన్నది.

ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. పావని మగ్గుతో నీళ్లు పోసింది. నీళ్లు పోస్తూనే, తల ఎత్తకుండా అన్నది:

"ఆ దినం నాయిన నన్ను పిలిచిండమ్మా. వాసనొస్తుందని నేను దగ్గరికి పోలే."

"చిన్న పోరివి నువ్వు."

"చెయ్యి చాపిండు. ఆ ఉన్న చెయ్యి."

ఉలిగెమ్మ తడిచేతితో కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. కిందికి జారిన కుడి భుజానికి.

గురునాథ్ కుర్చీలో కూలబడి ఉన్నాడు. కాసేపటికి ఎవరినో రోడ్డు మీదికి పంపి అందరికీ చాయ్ తెప్పించాడు. "ముందు ఉలిగెమ్మకియ్యండి," అన్నాడు, ఆమె వైపు చూడకుండా. ఇన్నేళ్లలో అతను ఆమెకు చాయ్ ఇప్పించడం అదే మొదలు. హనుమాయమ్మ కప్పు తీసుకొచ్చేసరికి తల్లీ కూతుళ్లు గేటు దగ్గర ఉన్నారు.

"ఏమే, తాగి పో. రేపొస్తావా?"

"నాకిగ ఈడేం పనుంది హనుమాయమ్మా," అన్నది ఉలిగెమ్మ.

ఇద్దరూ లారీ పక్కనుంచి రోడ్డు మీదికి వెళ్లిపోయారు. హనుమాయమ్మ కాసేపు చూసి, కప్పును ఉలిగెమ్మ కూర్చునే చోట, సగం ఏరిన కుప్ప పక్కన పెట్టింది. సాయంత్రం షెడ్డు మూసేటప్పటికి కూడా ఆ పల్చటి ప్లాస్టిక్ కప్పు నిండుగా అక్కడే ఉంది, మీగడ కట్టి, ఎవరూ ముట్టకుండా.