సమ్మెకు పోయిన మైలురాళ్లు

దగ్గరికి జరుగుండ్రి. వెనకున్నోళ్లు ముంగటికి రాండ్రి, పిల్లల్ని ఒళ్లె కూసోబెట్టుకోండ్రి. అల్లా దయతోని గొంతు ఇంకా ఆడుతున్నది. ఆడినంతసేపు ఒక సైకిల్ ప్రయాణం చెప్త.

తెలంగాణ కోసం సకల జనులు సమ్మె కట్టిన ఏడు. డిపోల బస్సు డిపోలనే ఉన్నది. జగిత్యాలల ఫొటోలకు ఫ్రేములు కట్టే ముదస్సిర్ పొద్దటి నమాజు చదివి, దుకాణం ముంగట నీళ్లు చల్లి, సైకిల్‌కు గాలి కొట్టిండు. దుకాణం మాత్రం తెరవలే. ఆనాడు సిరిసిల్ల పోవాలె.

సిరిసిల్లల నాహీద్ అనే పిల్లను ఒక పెండ్లిల చూసిండు. చూసిన కాన్నుంచి ఫ్రేములు వంకర కోస్తున్నడు. పిల్ల నాయినమ్మ, బద్రున్నీసా దాదీ కబురు పంపింది: "పిల్లగాన్ని నా కండ్లతోని చూడాలె. పొద్దు గూకంగ ఇచ్చే మగ్రిబ్ అజాన్ లోపల రాకుంటె నిజామాబాద్ సంబంధమోళ్లకు మాట ఇస్త." బస్సుల్లేవు. అమ్మను కారేజీ మీద కూసోబెట్టుకొని అంత దూరం తొక్కలేడు. అందుకే దోస్తు గంగాప్రసాద్‌ను తోడు తీసుకొని బయలెల్లిండు. కోరుట్లల మజర్ కలిసిండు. మజర్ నాహీద్‌కు వరుసకు అన్న, ఆ ఇల్లు ఎరుకైనోడు.

రంజాన్ పోయి షవ్వాల్ నడుస్తున్నది. ఆ నెలల ఉండే రోజాలు, అంటె ఉపాసాలు, ఫర్జ్ కాదు, తప్పనిసరేం లేదు, ఉంటె పుణ్యం. సంబంధం కుదరాలని మొక్కుకొని ముదస్సిర్ ఆనాడు రోజా ఉన్నడు.

బస్సులు బందయిన కొన్ని దినాలకే రోడ్డు పొంటి మైలురాళ్లు సుత సమ్మెలకు పోయినయి. ఎవలు పిలువలే. ఏ ఊరికాడ జనం సమ్మె కోసం రోడ్డు మీదనే వండుకొని తినే వంటావార్పు పెడితె ఆ ఊరికి నడిచిపోయి, పొయ్యిల పక్కన కూసున్నయి. ఆడోళ్లు వాటి మీద ఉల్లిగడ్డలు కోసిన్రు. రాయి పక్కన కూసోని ఇంత తిన్నోనికి రోడ్డు దగ్గరయ్యేది, తినకుంట పోయేటోనికి సాగేది. పాలోళ్లకు, పోస్టుమ్యాన్‌కు అప్పటికే ఇది అలవాటయింది.

కథలాపూర్ కాడ మొదటి పొయ్యి కనవడ్డది. గంగాప్రసాద్ పప్పన్నం ముంగట కూసున్నడు.

"తినరాదురా, తోవ తగ్గుతది."

"రోజా ఉన్న."

"ఫర్జ్ కాదని మజర్ అంటున్నడు గదా."

"మొక్కుకున్న. తింటె సంబంధం పోతది. నా కాళ్ల మీద నాకు నమ్మకమున్నది."

"కాళ్లు నీయే, రోడ్డు నీది కాదు," అన్నడు మజర్, పచ్చిపులుసు పోసుకుంట.

కలిసే బయలెల్లిన్రు. జరంతసేపటికి వాళ్లిద్దరు కండ్లకు ఆనలే. ముదస్సిర్ తొక్కుతనే ఉన్నడు. అదే మక్కచేను, అదే మంచె, మంచె మీద అదే ముసలాయన మల్ల మల్ల ఎదురొచ్చిండు. రుద్రంగి చేరేసరికి దోస్తులు చెట్టు కింద కునుకు తీసి లేచిన్రు.

"పెండ్లికొడుకా, ఏ దేశం తిరిగొస్తున్నవ్?" అన్నడు గంగాప్రసాద్.

ముదస్సిర్ నవ్వలే. ఆడ సుత తినలే. చందుర్తి కాడికి వచ్చేసరికి పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. దోస్తులు రోడ్డు పక్కన కూసోని ఎదురుచూస్తున్నరు. పొయ్యిలు చల్లారినయి, జనం ఇండ్లకు పోయిన్రు. నాగవ్వ అనే ముసలామె ఒక్కతే పళ్లెం పట్టుకొని సైకిల్‌కు అడ్డం నిలవడ్డది.

"తిని పో, కొడుకా."

"రోజా ఉన్న, అవ్వా. పొద్దు గూకకముందే సిరిసిల్ల చేరాలె."

"నీ పెదవులు చూస్తెనే ఎరుకైతున్నది. నా కొడుకు మస్కట్ల ఉన్నడు. ఆడ వానికి ఎవలన్న పెట్టాలని, ఈడ తెలువనోనికి ఒక్కనికన్న పెట్టంది నేను ముద్ద ముట్ట. ఇయ్యాల వచ్చినోళ్లందరు నా ఊరోళ్లే. నువ్వు వద్దంటె నాది సుత ఒక్కపొద్దే."

ముదస్సిర్ పొద్దు దిక్కు చూసిండు. నాహీద్ యాదికొచ్చింది. అవ్వ చెయ్యి దిక్కు చూసిండు. పళ్లెం ఇంకా సైకిల్‌కు అడ్డమే ఉన్నది.

సైకిల్ స్టాండు వేసిండు. రాయి పక్కన కూసోని, బిస్మిల్లా అని ముద్ద నోట్లె పెట్టుకున్నడు. నాగవ్వ ఆ ఎదురుంగనే కూసోని తన ముద్ద కలుపుకున్నది. ఆమెకు పండ్లు లేవు, నిమ్మళంగ తిన్నది. ఆమె తినెడిదాక ముదస్సిర్ లేవలే.

ఆమె చెయ్యి కడుక్కున్నంక రాయి లేచి, ఉల్లిపొట్టు దులుపుకొని, రోడ్డు దిగి పక్కకు జరిగింది. ముగ్గురు సైకిళ్లెక్కిన్రు. నాలుగు తొక్కులు తొక్కిన్రో లేదో సిరిసిల్ల మానేరు గాలి మొఖాలకు కొట్టింది.

అజాన్‌కు ఇంకా జర టైముండంగనే ముగ్గురు బద్రున్నీసా ఇంటి గడపల నిలవడ్డరు.

"రోజా ఉన్నడు దాదీ, ఇడువనీకి ఖర్జూరం తెప్పియ్యి," అన్నడు మజర్, మర్యాద దక్కాలని.

"లేను," అన్నడు ముదస్సిర్. "తోవల తిన్న. నేను తినకుంటె ఒక అవ్వ తినేటట్టు లేకుండె."

మజర్ చెప్పుల దిక్కు చూసుకున్నడు. బద్రున్నీసా లోపలి దిక్కు తిరిగి చూసింది. లోపల నాహీద్ అక్క సల్మా చాయ్ పోస్తున్న చప్పుడొచ్చింది. అత్తగారోళ్లు ఆమెను పుట్టింట్ల దించిపోయి చాన్నాళ్లయింది.

"మా సల్మాను చేసుకున్నోడు ఒక్క రోజా తప్పలే," అన్నది ముసలామె. "పిల్ల తిన్నదా అని ఒక్కనాడు అడుగలే." మజర్ దిక్కు తిరిగింది. "నిజామాబాదోళ్లకు ఫోన్ చెయ్యి. రావద్దని చెప్పు."

నడుమల ఇడిసిన ఆ రోజాను ముదస్సిర్ పెండ్లయినంక మల్ల ఉన్నడు. ఆనాడు పొద్దు గూకినంక ఇఫ్తార్‌కు అతని ముంగట ఖర్జూరం పెట్టింది నాహీదే.

ఇగ మీరు ఇండ్లకు పోండ్రి. రాళ్ల సంగతి మరిచినా మంచిదే. పొద్దు గూకుతున్నా ఒకామె తినెడిదాక అతను లేవకుంట కూసున్నడు, ఆ ఒక్కటి యాది పెట్టుకోండ్రి. మీ తోవల ఎవలన్న తినకుంట కనవడితె మీరు సుత కూసోండ్రి.