కంప్యూటరుకు కృతజ్ఞత కూడిక

ఇరవై రెండు గ్లాసులు కావాలి. మా ఇంట్లో ఉన్నవి పన్నెండే. మిగతావి పక్కింటి పెంచలమ్మను అడిగి తెచ్చి, కడిగి బోర్లించాను. సాయంత్రం ప్రార్థన కూడికకు వచ్చేవాళ్లకు టీ, మిక్చరు. పాలు కాగేలోగా కంప్యూటరు తుడవమన్నాడు మా ఆయన డేవిడ్‌రాజు. పొద్దున్నుంచి ఇది మూడోసారి. దాన్ని కొని నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజుల్లో దానితో నేను చేసిన పని తుడవడం ఒక్కటే.

అది ముందుగదిలో ఉంది. ఆ గదిలోకి చెప్పులతో ఎవరూ రాకూడదు. "లోపలికి దుమ్ము పోతే వైరస్ వస్తాదంట" అంటుంది మా అత్త శీనమ్మ. దానికి పూల గుడ్డతో కవరు కుట్టింది కూడా నేనే. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ గమనించరులే అని కవరు తీసి, కీల మీద వేళ్లు పెట్టానో లేదో అత్త వంటింట్లోంచి కేకేసింది. "తడి చేత్తో ముట్టుకోబాక మే, షాకు కొడతాది." చేతులు చూసుకున్నాను. నిజమే, తడిగానే ఉన్నాయి. ఈ ఇంట్లో నా చేతులు పొడిగా ఉండేదెప్పుడు? తుడిచేటప్పుడు కొట్టని షాకు టైపు కొట్టేటప్పుడే ఎందుకు కొడుతుందో అడగాలనిపించింది. అడగలేదు. అడగకపోవడం నాకు పద్నాలుగేళ్ల అలవాటు.

నేను టైపు నేర్పే మనిషిని. ఆత్మకూరు బస్టాండు వెనక రామనారాయణగారి ఇన్‌స్టిట్యూట్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. తెలుగు, ఇంగ్లీషు రెండూ హయ్యర్ పాసయ్యాను. ఎమ్మార్వో ఆఫీసు గుమాస్తాల్లో సగంమంది నా దగ్గర వేళ్లు తిప్పడం నేర్చుకున్నవాళ్లే. పోయినేడాది నుంచి పిల్లలు రావడం మానేశారు. అందరికీ కంప్యూటరే కావాలి. పోయిన నెల రామనారాయణగారు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. "ఈ నెలాఖరుకు మూసేస్తా ఉండానమ్మా. మిషన్లన్నీ ఇనప సామానోడికే. నువ్వు తెలుగు కంప్యూటరు పెట్టుకో. శుభలేఖ కావాలన్నా, కరపత్రం కావాలన్నా మర్రిపాడు, దుత్తలూరు జనమంతా నెల్లూరికి పరిగెత్తతా ఉండారు. నీకు గిరాకీకి లోటుండదు." తర్వాత మూలనున్న తెలుగు మిషన్ చూపించి, "ఇది కావాలంటే తీసుకుపో, జీతం కింద పట్టుకుంటా" అన్నారు. నేను నవ్వాను. కంప్యూటరు కొనబోతుంటే ఈ పాత ఇనుము నాకెందుకు సార్ అన్నాను.

మూడేళ్లు కట్టిన చీటీ పాడి డబ్బు తెచ్చాను. వారంపాటు వాళ్లనూ వీళ్లనూ అడిగి, ఓ పరీక్ష పేపరు వెనక రాసుకున్నాను. తెలుగు అక్షరాలు తప్పకుండా ఉండాలి. ప్రింటరు తప్పకుండా ఉండాలి. మానిటరు నలుపూ తెలుపూ చాలు. పాటలు అక్కర్లేదు. అలాగైతే నా దగ్గరున్నదాంట్లో సరిపోతుంది. పెళ్లిచూపులకు తయారైన పిల్ల అద్దం చూసుకున్నట్టు ఆ కాగితం నాలుగుసార్లు చూసుకుని, మా ఆయనతో కలిసి నెల్లూరు బస్సెక్కాను.

షాపాయన కుర్చీలు వేసి, మా ఆయన్ని అడిగాడు. "సార్, మీకు కంప్యూటరు దేనికి కావాల?"

నేను నోరు తెరిచాను. మా ఆయన చెప్పేశాడు. "రంగుల టీవీ మాదిరి ఉండాల. పాటలు రావాల. మా షైనీ పాపకి ఆటలుండాల. మా స్కూల్లో టీచర్లు ఎవురింట్లోనూ లేదు, చూస్తే అదిరిపోవాల."

కాగితం మా ఆయన చేతిలో పెట్టాను. విప్పి చూడకుండానే జేబులో పెట్టుకున్నాడు. "ఆడోళ్లు గదండీ, చీర కొన్నట్టు బేరమాడాలని చూస్తారు" అన్నాడు. షాపాయన నవ్వాడు. చీర కొనేటప్పుడు అంచు చూసి మురిసిపోయేవాళ్లుంటారు, నేత చూసేవాళ్లుంటారు. ఆ రోజు అంచు చూసింది మా ఆయనే. రంగుల మానిటరు, స్పీకర్లు, సీడీ అన్నీ పెట్టించాక, ప్రింటరుకూ తెలుగుకూ బడ్జెట్ చాలదన్నాడు షాపాయన. "అవి తర్వాత చూద్దాంలే" అన్నాడు మా ఆయన. ఆ తర్వాత అనే మాట నాకు బాగా తెలుసు. నా బీఎడ్డు ఇంకా ఆ తర్వాతలోనే ఉంది. బస్సులో ఆత్మకూరు దాకా మానిటరు పెట్టె నా ఒళ్లోనే ఉంది. తొడలు తిమ్మిరెక్కిపోయాయి. ఏడుపొచ్చింది గాని, పెట్టె తడుస్తుందేమోనని దాన్నీ ఆపుకున్నాను. ఎంత వెర్రిదాన్నో!

సాయంత్రం ఐదింటికి సంఘంవాళ్లు వచ్చారు. చెప్పులు వాకిట్లో వదిలి, చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. పాస్టరుగారు కంప్యూటరు మీద చెయ్యిపెట్టి ప్రార్థించారు. "ప్రభువా, నీ దాసుడు డేవిడ్‌రాజుకు ఈ కాలపు జ్ఞానాన్ని దయచేసినావు. భార్యాబిడ్డలకు ఇంత గొప్ప బహుమానం ఇచ్చే మనసును ఆయనకిచ్చినావు."

"స్తోత్రం" అన్నారందరూ. అలవాటుకొద్దీ నా నోరు కూడా అనేసింది. అన్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

"సుజనమ్మా, లేచి ఒక సాక్ష్యం చెప్పమ్మా" అన్నారు పాస్టరుగారు.

మా కూడికల్లో ఆడవాళ్ల సాక్ష్యం ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. లేచి కొంగు తలమీద కప్పుకోవాలి. జ్వరం తగ్గిందనో, ఆయనకు బదిలీ అయిందనో చెప్పి కూర్చోవాలి. ఆగిన చోటల్లా అందరూ స్తోత్రం అంటారు. నేనూ చాలాసార్లు చెప్పాను. ఆయన ఉద్యోగం గురించి, ఆయన స్కూటరు ప్రమాదం తప్పడం గురించి. నా గురించి ఒక్కసారీ చెప్పుకోలేదు.

చేతులు చీరకు తుడుచుకున్నాను. లేచి కొంగు కప్పుకున్నాను. సాక్ష్యమంటే జరిగింది జరిగినట్టు చెప్పడమే కదా అనుకున్నాను.

"అందరికీ వందనాలు. ఈ కంప్యూటరు నా చీటీ డబ్బుతో కొన్నాము."

ఎవరి గొంతులోనో స్తోత్రం సగం పైకొచ్చి ఆగిపోయింది. మా ఆయన తల దించుకున్నాడు.

"టీ ఆరిపోతా ఉండాది మే" అంది అత్త.

"ఇస్తానత్తా, ఇది కానియ్. దీంట్లో తెలుగు లేదు. ప్రింటరు లేదు. నాకు కావలసినవి ఆ రెండే. ఈ నెలాఖరుకు నా పని పోతా ఉండాది. రామనారాయణగారి దగ్గర పాత తెలుగు మిషనొకటి ఉండాది. రేపు పోయి దాన్ని తెచ్చుకుంటాను. సోమవారం నుంచి ఎమ్మార్వో ఆఫీసు ముందర చెట్టుకింద కూర్చుని అర్జీలు టైపు కొడతాను. అది ముసలి మిషను. ఎన్నాళ్లు నడస్తాదో తెలీదు. నడిచినన్నాళ్లు నడవాలని ప్రార్థన చెయ్యండి."

ఆగాను. పాస్టరుగారు బైబిలు పేజీలు తిప్పుతున్నారు. ఆడవాళ్లు చాప ఈనెలు గిల్లుతున్నారు. మా ఆయన నావైపు చూడలేదు. రాత్రికి ఏమంటాడో నాకు తెలుసు. ఇరవై రెండుమందిలో ఎవరైనా స్తోత్రం అంటారేమోనని చూశాను. ఎవరూ అనలేదు.

"స్తోత్రం" అని నేనే అనుకుని, టీ తేవడానికి లోపలికెళ్లాను.