గెలిచిన లైను

బాస్కెట్‌బాల్ ఎలా ఆడతారో మాలో ఒక్కరికీ తెలియదు. కానీ యూరప్‌లో ఏ క్లబ్బు ఓడితే మా కుట్టు ఫ్యాక్టరీలో ఏ లైను మూతపడుతుందో, నేల తుడిచే పోతమ్మను అడిగినా టక్కున చెప్పేది.

కూర్మన్నపాలెం దాటాక ఉంటుంది మా ఫ్యాక్టరీ. ఆ ఏడాది అక్కడి క్లబ్బుల అభిమానులు వేసుకునే చొక్కాల ఆర్డరు మాకొచ్చింది. క్లబ్బుకో లైను. క్లబ్బు పోటీలో ఉన్నంతకాలం చొక్కాలు అమ్ముడవుతాయి, మాకు పని ఉంటుంది. క్లబ్బు ఇంటికి పోతే లైను కూడా ఇంటికి పోతుంది. అందరం కాంట్రాక్టు వాళ్ళమే కనుక పొమ్మనడానికి ఎవరికీ నోరు నొప్పి పుట్టదు. చలికాలంలో మొదలైన ఆట ఎండలు ముదిరేసరికి ఫైనల్‌కు చేరింది. ఎర్ర క్లబ్బు మాది, నీలం క్లబ్బు పక్క లైనుది. వాటి అసలు పేర్లకు మా నోరు తిరగదు. మిగతా మిషన్ల మీద అప్పటికే గుడ్డలు కప్పేశారు.

రాణి నా పక్క మిషను మీద అంచులు కుట్టేది. దాని తోడికోడలు అనూరాధ నీలం లైనులో ఉండేది. ముగ్గురిదీ ఎలమంచిలి పక్క ఊరే. వాళ్ళిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. ఫైనల్ ఎవరెవరికో తేలినప్పటి నుంచి ఆ పొయ్యి దగ్గర మాటలు తగ్గాయి. రాణి మొగుడు ఎల్లారావు నడుం విరిగి మంచం పట్టాడు. దీని పని పోతే పిల్లలు బడి మానేయాల్సిందే.

"గెల్సినోళ్ళ లైనుకే వొచ్చే సీజన్ ఆర్డరు కూడానట. ఓడినోళ్ళు సర్దుకోడవే," అని సూపర్‌వైజర్ వీర్రాజు ముందే చెప్పేశాడు.

ఆఖరి పని తెల్ల చొక్కాలు. ఫైనల్ గెలవగానే ఆటగాళ్ళు అక్కడికక్కడే తొడుక్కోవడానికి, ఛాంపియన్లు అని ముందే అచ్చు వేసినవి. గెలిచేదెవరో తెలియదు కాబట్టి రెండు క్లబ్బులకూ కుట్టి పంపాలి. ఇక్కడ ఉంచుకున్న అదనపు చొక్కాల్లో ఓడినవాళ్ళవి కత్తిరించి పారేయాలి. ఒక్కో చొక్కాలో రాణి పిల్లలిద్దరూ దూరి, ఇంకొకరిని ఆటకు పిలవొచ్చు. అంత పెద్దవి.

ఒకరోజు భోజనాల బెల్లు కొట్టాక కూడా రాణి మిషను దగ్గర నుంచి లేవలేదు. వెళ్ళి చూస్తే చిన్న పొట్లం విప్పుకుని, వేలితో చొక్కాల లోపలి అంచున ఏదో రాస్తోంది.

"ఏటే సేత్తన్నావ్?"

"పసుపే, కుసుమా. కొత్తగుడ్డ పసుపెట్టకుండా ఎవులైనా తొడుగుతారేటి? మడత లోపల పెడతన్నాను, కనపడదు. మనోళ్ళు గెలిత్తే నూకాలమ్మకి కోడిని కోత్తానని మొక్కీసినాను."

నాకూ అందులో వింతేమీ కనబడలేదు. మా ఇళ్ళల్లో జేబురుమాలు కొన్నా మూలన పసుపు పెట్టందే వాడం. ఎక్కడో ఉన్న ఆ పొడుగు మనుషులకి వాళ్ళమ్మలు పెడతారో లేదో!

సోమవారం పొద్దున్న బస్సులో వీర్రాజు ఫోను పైకెత్తి చూపించాడు. తెల్ల చొక్కాలు తొడుక్కుని కొబ్బరిచెట్లంత మగాళ్ళు ఎగురుతున్నారు.

"మనోళ్ళు గెల్సీసినారే!" అని రాణి నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. వెనక సీటులో అనూరాధ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఆ రోజు నీలం లైను వాళ్ళ చేతనే వాళ్ళు కుట్టిన చొక్కాలు కత్తిరింపించారు. మధ్యాహ్నం రాణి అన్నం మానేసి అక్కడికి వెళ్ళింది. "అక్కా, నువ్వు నెగు, నాను కోత్తాను," అని తోడికోడలి చేతిలోంచి కత్తెర లాక్కుంది. అనూరాధ లేవలేదు. సాయంత్రానికి ఆ లైను మొత్తం గేటు బయట ఉంది.

రెండు వారాలు మాకు పండగే. తర్వాత క్లబ్బు నుంచి మెయిలొచ్చింది. అద్దాల బీరువాలో పెట్టుకుందామని ఆ చొక్కాలు ఉతికించారట. ఉతికేసరికి లోపలి అంచుల్లో ఎర్రటి మరకలు తేలాయట. మీ ఫ్యాక్టరీలో ఎవరి రక్తమిది అని అడిగారు.

అంచులు కుట్టిన రాణినీ, పక్క మిషను మీదున్న నన్నూ సీతమ్మధారలోని కంపెనీ ఆఫీసుకు పిలిపించారు. హెచ్ఆర్ హేమశ్రీ మేడం ఫోటోలు చూపించింది.

"రత్తం కాదు మేడం, పసుపు. సబ్బు తగిల్తే ఎర్రబడిపోద్ది," అంది రాణి. దాని గొంతులో ఇంకా ధైర్యముంది.

"నాకు తెలీదా రాణీ?" అంది మేడం. అప్పుడు చూశాను, ఆమె కొత్త చున్నీ మూలన ఆవగింజంత పసుపు చుక్క. "మా అమ్మా పెడుతుంది. కానీ వాళ్ళకి ఏమని రాయను? రక్తమంటే గాయమంటారు, పసుపంటే మురికంటారు. ఏది రాసినా లైను తీసేయమనే అంటారు."

అన్నీ తెలిసి అలా కూర్చున్న ఆమెను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. తెలియని దానివైతే బాగుండేది కదమ్మా అని అరవాలనిపించింది.  మా లైను తీసేస్తున్నట్టున్న కాగితాల మీద సంతకాలు పెట్టి వచ్చేశాం.

ఎర్ర క్లబ్బుకు చొక్కాలు మాత్రం కావాలట. ఆ ఆర్డరు ఓడిన నీలం లైనుకిచ్చి, అనూరాధ వాళ్ళను వెనక్కి పిలిచారు.

ఆ ఆదివారం రాణి గుడికి కోడిని పట్టుకెళ్ళి కోయించింది. నాకు కోపం ఆగక వాళ్ళింటికి వెళ్ళి అడిగేశాను.

"నీకు మతుందేటే? ఏటిచ్చిందని అమ్మోరికి కోడి?"

"గెలిపించమన్నాను, గెలిపించీసింది. నా పని ఉంచమని నాను అడగనేదు కదే," అంది, పొయ్యి మీద కూర కలుపుతూ.

అన్నాల ముందు అనూరాధ వచ్చింది. కంపెనీ కొత్తగా ఇచ్చిన ఎర్ర కోటు చేతిలో ఉంది. మర్నాటి నుంచి డ్యూటీ. రాణి మొహం విప్పారింది. కూర గరిటె పక్కన పెట్టి, గూట్లో పసుపు వేలికి అద్దుకుని కోటు మూల పట్టుకోబోయింది.

అనూరాధ గబుక్కున కోటు వెనక్కి లాక్కుంది.

"వొద్దే, మరక కడతాది."

 రాణి వేలికున్న పసుపు తన పాత చీరకే తుడుచుకుని, అక్కకు కంచం పెట్టింది.