గోడకెక్కిన సైకిలు

ఆ సైకిల్ని పళ్ళ డాక్టరు కారు వెనక సీట్లో పడుకోబెట్టి, దుప్పటి కప్పి తెచ్చాడు. తన సైకిలు కొట్టు మెట్ల మీద నుంచి ఆ వైభవమంతా చూసిన సైకిలక్క, "బాలింతని తెస్తున్నాడు, దారివ్వండి" అంది. కౌంటరు దగ్గర పేపరు చదువుతున్న అన్నయ్య తలెత్తకుండానే పేజీ తిప్పాడు.

సైకిలక్కకి యాభైకి రెండేళ్ళు తక్కువ. పదకొండో ఏట బీఎమ్మెక్స్ అనే పొట్టి విన్యాసాల సైకిలు ఎక్కింది, ఇంతవరకూ దిగలేదు. పొద్దున కొట్టు తెరవకముందు, వెనకున్న సిమెంటు ఖాళీలో ముందు చక్రం మీద నిలబడి అరగంట గిరగిరా తిరిగితే గానీ ఆమెకి తెల్లారినట్టు ఉండదు. మనుషుల్ని ఆమె తూచే తూకం చాలా సులువు. తొక్కేవాళ్ళు ఒక తట్టలో, తొక్కనివాళ్ళు ఇంకో తట్టలో. తొక్కనివాళ్ళలో అందరికంటే తేలిక సరుకు ఎవరయ్యా అంటే, పాత బీఎమ్మెక్స్‌లు కొని గోడకి తగిలించుకునేవాళ్ళు. వాళ్ళకో సంఘం కూడా ఉంది. నెలకోసారి చేరి, ఒకరి సైకిలు ముందు ఒకరు మోకాళ్ళ మీద కూర్చుని, బోల్టుల మీద అంకెలు చదువుకుంటారు. ఈత రానివాడు పడవ కొని ముందు గదిలో పెట్టుకున్నట్టు ఉంటుంది ఆమెకి ఆ వ్యవహారం. కాకపోతే కొట్టు నడిచేది వాళ్ళ మీదే. అందుకని ఆ తిట్లన్నీ వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాకే తిట్టేది.

"అక్కా, రోటరు బిగించాలి," అన్నాడు డాక్టరు. "నలుగురికిచ్చాను. నలుగురూ చెడగొట్టారు."

రోటరంటే హ్యాండిలు కింద ఉండే చిన్న పళ్ళెం. హ్యాండిలు ఎన్ని చుట్లు తిప్పినా వెనక బ్రేకు తీగ మెలిపడకుండా చూస్తుంది. పైన రెండు తీగలు, కింద రెండు. నాలుగూ సమానంగా లాగితేనే పళ్ళెం తిన్నగా నిలుస్తుంది, ఒక్కటి వదులైనా తబలాలా కొట్టుకుంటుంది. అది కుదర్చడం ఈ చుట్టుపక్కల ఆమెకి తప్ప ఎవరికీ చేతకాదు. ఆ మాట ఆమే చెబుతుంది, అది నిజం కూడా.

"రేపు సాయంత్రం రండి. దుప్పటి మాత్రం తీసుకెళ్ళండి, దానికి చలేమీ వెయ్యదు."

డాక్టరు వెళ్ళాక సైకిల్ని తలకిందులుగా స్టాండుకి ఎక్కించింది. పెడళ్ళ ఇరుసు కింద బొటనవేలంత పొడవున ఉబ్బెత్తుగా, ఎడమకి ఒరిగిన వెల్డింగు గీత. దాని మీద వెండి రంగు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పదిహేడేళ్ళప్పుడు మెట్ల మీద నుంచి దూకితే విరిగిన చోటది. గేట్లు చేసే కొట్టులో నల్లద్దాలు అరువు తీసుకుని తన చేత్తో అతుకు వేసుకుంది. ఆ పై ఏడు జ్వరంతో మూడు వారాలు మంచాన పడితే, అన్నయ్య ఆ సైకిలు అమ్మేసి, చెల్లెలికి గాలాడాలని టేబులు ఫ్యాను కొనుక్కొచ్చాడు.

"అన్నయ్యా, ఇలా రా. ఇది నాదే."

"ఏది నీది?"

"నువ్వు ఫ్యానుకి మార్చింది."

అన్నయ్య వచ్చి, వంగి, తీరిగ్గా చూశాడు. "ఆ ఫ్యాను ఇంకా తిరుగుతోంది. ఇది ముప్పై ఏళ్ళుగా గోడకి వేలాడుతోంది. ఎవరిది మంచి బేరం?"

"నీ మొహం. ఎలాగైనా ఇది నాకు కావాలి."

రోటరు కుదురుస్తున్నంతసేపూ ఆమె బుర్రలో లెక్క నడుస్తూనే ఉంది. సంఘం వాళ్ళ దృష్టిలో అతుకు పడ్డ ఫ్రేము శవంతో సమానం. అతుకుందని చెబితే చాలు, డాక్టరు మొహం మాడ్చుకుని వదిలించుకుంటాడు. పైగా అది పచ్చి నిజం. నిజం చెప్పి లాభపడే అవకాశం వ్యాపారంలో పదేళ్ళకోసారి కూడా రాదు.

మర్నాడు సాయంత్రం డాక్టరు వచ్చాడు. హ్యాండిలు తిప్పి చూసి మురిసిపోయాడు. ఆమె గొంతులోకి కాస్త విచారం తెచ్చుకుంది.

"రోటరు బాగానే ఉంది డాక్టరుగారూ. బండే బాగాలేదు. కింద చూడండి, అతుకుంది. ఎవరో చెప్పిన మాట కాదు, నేనే వేశాను. చిన్నప్పుడు ఇది నా బండి."

డాక్టరు జేబులోంచి నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం తీసి, సిమెంటు మీద మోకరిల్లి, పుచ్చు పన్నుని చూసినట్టు ఆ అతుకుని చాలాసేపు చూశాడు. లేచేటప్పటికి మొహం వెలిగిపోతోంది.

"అక్కా! అంటే ఇది నిజంగా తొక్కిన బండన్నమాట! తొక్కినావిడ నా ఎదురుగా ఉంది! మా సంఘంలో ఒక్కడికి కూడా ఇలాంటిది లేదు. ఓ పాత ఫొటో ఇవ్వండి. ఇది ఒకప్పుడు నాది, అతుకు నాది అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి, చాలు."

పేపరు వెనక నుంచి అన్నయ్య నవ్వు బయటపడింది. సరుకు పాడైపోయిందని చెప్పి దాని విలువ పెంచిన వర్తకురాలు తను తప్ప ఇంకొకరుండరని ఆమెకి ఒళ్ళు మండింది.

"నాకు అమ్మేయండి," అంది సూటిగా.

"ఇంకెలా అమ్ముతానక్కా?"

"అయితే కాగితం ఇవ్వను. కాగితం లేకపోతే అది విరిగి అతికిన ఇనుము. పెట్టుకోండి గోడకి."

డాక్టరు వాడిపోయాడు. "ఏం చేస్తే రాస్తారు?"

ఆమె అతని ఇస్త్రీ ప్యాంటుని, మెరిసే బూట్లని, చొక్కా కింద నుంచి తొంగిచూస్తున్న పొట్టని వరసగా చూసింది. "నెమ్మదిగా వెళ్తూ ముందు బ్రేకు పట్టి, వెనక చక్రం జానెడు లేపి దించండి. లేపితే కాగితం మీది. లేపలేకపోతే బండి నాది, మీరు కొన్న ధరకే."

"ఎన్నిసార్లు ప్రయత్నించొచ్చు?"

ఒక్కసారని అనాల్సింది. కానీ ఎదుటివాణ్ణి లెక్కలోకి తీసుకోనప్పుడు మనిషికి దాతృత్వం పొంగుకొస్తుంది. "చీకటి పడేదాకా, మీ ఇష్టం," అంది.

డాక్టరు ప్యాంటు చివర్లకి రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాడు. మొదటిసారి బండి ఆగింది, అంతే. రెండోసారి పొట్ట వెళ్ళి హ్యాండిలుకి కొట్టుకుంది. అయిదోసారి బండీ తనూ కలిసి పక్కకి పడ్డారు. ఫ్రేము మీది క్రోము పూత సిమెంటుకి రాసుకున్న చప్పుడు కొట్టులోకి వినబడింది.

ఇక అయిపోయిందనుకుంది. గీత పడితే ఈ జాతి ఏడుస్తుంది. డాక్టరు గీతని చూశాడు, చీరుకుపోయిన మోచేతిని చూశాడు, తర్వాత అన్నయ్య వైపు తిరిగాడు.

"ఎంత లేచిందండీ?"

"అగ్గిపెట్టంత," అన్నాడు అన్నయ్య, కుర్చీ బయటికి లాక్కుని. "నా లెక్కలో అదీ ఎక్కువే."

డాక్టరు మళ్ళీ ఎక్కాడు. పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు. ఇరవై దాటాక అన్నయ్య లెక్కపెట్టడం మానేశాడు. పొద్దు గోడ మీదికి పాకింది. ఇంకో పావుగంట నోరు కట్టుకుంటే చాలు, ముప్పై ఏళ్ళ కిందట పోయినది ఇంటికొస్తుంది. తప్పెక్కడుందో ఆమెకి మొదటిసారే తెలిసింది. బరువంతా వెనక వేసుకుని, భయంగా చక్రం వైపే చూస్తున్నాడు. ఆ బరువుతో ఆ బండిని అలా లాగుతుంటే చూడ్డం ఆమెకి పళ్ళు జివ్వుమన్నట్టుగా ఉంది.

"భుజాలు ముందుకి తెండి! చక్రాన్నేం చూస్తారు, అదెక్కడికీ పోదు! గోడ చూడండి, గోడ!"

అరిచాక గానీ అరిచింది తనేనని తెలియలేదు.

అన్నయ్య పేపరు మడిచాడు. "ఏమే, నీకు బండి కావాలా, వద్దా?"

"నువ్వు నోరుముయ్. కళ్ళముందు అంత తప్పు చేస్తుంటే ఎలా చూస్తూ కూర్చోను?"

డాక్టరు భుజాలు ముందుకి తెచ్చాడు, గోడ చూశాడు, బ్రేకు పట్టాడు. వెనక చక్రం లేచింది. జానెడు, ఆపైన ఇంకో రెండు వేళ్ళు. ఒక్క క్షణం అలా గాల్లో నిలిచి, తిన్నగా దిగింది. అతను కాగితం సంగతి ఎత్తలేదు. బండి తిప్పి, మళ్ళీ మొదలుపెట్టిన చోటికి వెళ్ళాడు.

బండి పోయింది. ఈసారి ఎవరూ అమ్మలేదు, తన నోరే ఇచ్చేసింది. ఆమె లోపలికెళ్ళి, కసిగా బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలబడే రాసి, సంతకం పెట్టి తెచ్చింది.

చెమట తుడుచుకుంటూ డాక్టరు చదివాడు: "ఈ బండి ఒకప్పుడు నాది. కింది అతుకు నేను వేసింది. ఇప్పుడు దీన్ని తొక్కుతున్నవాడికి ఇంకా ఏమీ రాదు."

"చివరి మాటతో ఇది సంఘంలో ఎలా చూపిస్తానక్కా?"

"ఆ మాట కొట్టేయాలంటే పొద్దున ఆరింటికి రా. ఆ బూట్లతో వస్తే గేటు తియ్యను," అంది. "మోచేతులు వంచి ఉంచు. ఆ పళ్ళు ఊడితే నీకెవరు కడతారు?"