లాన్‌లో ఎండు గీతలు

పురుగే అయ్యుంటుంది, వేరుపురుగు, అయినా పురుగు తింటే ఎలుక కొరికిన గుడ్డలా అడ్డదిడ్డంగా పోవాలి గానీ ఇలా స్కేలు పెట్టి గీసినట్టు పోతుందా, పోనీ ఎరువు ఎక్కువైందా, ఎరువెక్కడిది, తోటలకి నీళ్ళు పట్టకూడదని ఆర్డరొచ్చి నలభై రోజులైంది, గుక్కెడు నీళ్ళకి దిక్కులేని గడ్డికి ఎరువొకటా, మరి ఆ గీతలేమిటి నాయనా, అనుకుంటూ మేడ మీద టాంకు మూత చేత్తో పట్టుకునే కళ్ళజోళ్ళాయన పిట్టగోడ మీంచి కిందికి తొంగి చూశాడు, వీధిలో ఆయన్ని అందరూ కళ్ళజోళ్ళాయన అనే అంటారు, చౌరస్తాలో షాపు పెట్టి ముప్ఫై ఏళ్ళు, ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన కూర్చోబెట్టిన అద్దాలే, టాంకులో నీళ్ళెన్నున్నాయో చూసొస్తానని భార్యతో చెప్పి పైకొచ్చాడు గానీ అది ఉత్త సాకు, కింద గదిలో ఆవిడ వాళ్ళమ్మ బట్టలు పెట్టెలో సర్దుతూ మడతకోసారి ముక్కు చీదుతోంది, అది వినలేక వచ్చాడు, పదింటికి ముసలివాళ్ళ హోమ్ నుంచి మేట్రన్ కారేసుకుని వస్తుంది, అత్తగారిని తీసుకెళ్తుంది, ఇప్పుడు ఎనిమిదే, పొద్దుటి ఎండ ఏటవాలుగా లాన్ మీద పడుతోంది, అంతటా గడ్డి కొనఊపిరితో పసుపూ పచ్చా కాని రంగులో ఉంది, దాని మధ్య పూర్తిగా చచ్చి తెల్లబారిన గీతలు, మూరెడు వెడల్పున, తిన్నగా, రేపటికి ఇంకెంత పోతుందో అని ఆయన ప్రాణం ఉసూరుమంది.

పందొమ్మిదేళ్ళు పెంచిన గడ్డి మరి, ఇల్లరికం వచ్చినవాడికి నాదని చెప్పుకోవడానికి ఒక్కటైనా ఉండాలి కదా, ఇల్లు అత్తగారిది, మంచం అత్తగారిది, ఆఖరికి తను కాఫీ తాగే కప్పు కూడా అత్తగారిదే, గడ్డి మాత్రం తనది, ఆదివారం తెల్లారితే చాలు మిషన్ పట్టుకుని ఓ వరస అటు, ఓ వరస ఇటు, తర్వాత మోకాళ్ళ మీద పాకుతూ కత్తెరతో అంచులు, మీ జుట్టు మీద ఇంత శ్రద్ధ పెట్టుంటే బట్టతల వచ్చేది కాదండీ అని భార్య వేళాకోళం, నవ్వుకుంటే నవ్వుకోనీ, కలుపు మొక్క కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టే ఆయనకి, అలాంటి లాన్ మీద రెండేళ్ళుగా అత్తగారి షికార్లు, రోజూ ఈ వేళకే, పోనీ తిన్నగా నడుస్తుందా అంటే అదీ లేదు, నాలుగడుగులేసి ఠక్కున పక్కకి తిరుగుతుంది, ఏమీ లేని చోట కాలెత్తి దాటుతుంది, ఇంకోచోట తల వంచుతుంది, ఆ నడకకి గడ్డి నలిగి నలిగి వంకర బాట పడిపోయింది, ఎక్కడికత్తయ్యా ఈ తిరుగుడు అంటే వంటింట్లోకి బాబూ అంటుంది, వంటిల్లు ఇటుంది కదత్తయ్యా అంటే అది మీ వంటిల్లు అంటుంది, పోట్లాడే గొంతు కూడా కాదు, చిన్నపిల్లాడికి నచ్చజెప్పే గొంతు, మనవడి పేరు మర్చిపోవడం, స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, ఈ వయసులో మామూలేనన్నాడు డాక్టరు, దారి తప్పడం లాంటిదేమైనా ఉందా, ఉంటే మాత్రం ఇంట్లో ఉంచడం ప్రమాదం అన్నాడు, తనే ఉండబట్టలేక కుర్చీలోంచి లేచి మరీ నడిచి చూపించాడు, ఇదిగో ఇలా తిరుగుతుందండీ, ఇదిగో ఇలా దాటుతుందండీ అని, డాక్టరు నవ్వాపుకుంటూ రాసుకున్నాడు, ఆ కాగితం చూసే హోమ్ వాళ్ళు గది ఇచ్చారు, ఆ రోజు అత్తగారికేమైనా అవుతుందన్న భయంతో చెప్పావా, నలిగిన గడ్డి మీద కచ్చతో చెప్పావా అని ఎవరూ అడగలేదు, అడిగితే ఏం చెప్పాలో ఆయనకి తెలుసు, తెలుసు కాబట్టే మేడెక్కాడు.

గీతా గీతా కలిసిన చోట మూల, ఎదురుగా ఇంకో మూల, మట్టం పెట్టి చూసుకున్నట్టు ఎంత కచ్చితంగా ఉన్నాయో, ఇది పురుగు పని కాదురా అబ్బాయ్, తాపీమేస్త్రీ పని, అనుకోగానే టాంకు మూత జారి పాదం మీద పడింది, నొప్పి కూడా తెలీలేదు, పునాదులు, గడ్డి కింద రాతి పునాదులున్నాయి, వాటి మీద మట్టి పల్చన, వేరు దిగడానికి చోటేదీ, అందుకే అక్కడ ముందు చచ్చింది, తను రోజూ నీళ్ళు పట్టి పట్టి ఇన్నేళ్ళూ ఓ ఇంటిని కనపడకుండా కప్పెట్టాడన్నమాట, అదిగో పొడుగాటి గది, దాని పక్కన చిన్నది, వెనక ఇంకోటి, గీతల మధ్య అక్కడక్కడా ఖాళీలు, ఖాళీలేమిటి, ఓరి దేవుడో, అవి గుమ్మాలు, అత్తగారి పదో ఏట పాత ఇల్లు పడగొట్టి ఇది కట్టారని పెళ్ళైన కొత్తలో విన్నాడు, పడగొట్టిన చోటే కట్టారనుకున్నాడు, భార్యా అలాగే అనుకుంది, భార్య పుట్టేసరికే ముందంతా ఖాళీ జాగా, ఇంకా ఆ లెక్క తెగకుండానే కింద తలుపు చప్పుడైంది, అత్తగారు ప్రయాణానికి కట్టుకున్న బట్టల్లోనే బయటికొచ్చి లాన్ మీదికి నడిచింది, మొదటి ఖాళీ దగ్గరికి వెళ్ళి కాలెత్తింది, ఎక్కడ ఎత్తిందో అక్కడ సన్నటి తెల్ల గీత, గడప, దాటింది, పొడుగాటి గదిలో నాలుగడుగులు, ఠక్కున పక్కకి, సరిగ్గా అక్కడ రెండో గుమ్మం, వెనక గదికి ముందు తల వంచింది, పదేళ్ళ పిల్లకి అవసరం లేని వంపు అది, వాళ్ళమ్మో నాన్నో వంచగా చూసి నేర్చుకున్న వంపై ఉంటుంది, అరవై ఎనిమిదేళ్ళ కిందట కూలిన గోడలు, ఒక్క గోడకీ భుజం తగల్లేదు, ఒక్క గుమ్మమూ తప్పలేదు, కాళ్ళకి జ్ఞాపకం ఇంతుంటుందా, వెనక గది మూలలో చిన్న చదరం ఇంకా పచ్చగా ఉంది, పొయ్యి బూడిద కలిసిన మట్టి కాబోలు, ఆ చదరం ముందు ఆగి ఆవిడ అరచెయ్యి చాచింది, వంట చేస్తున్నవాళ్ళు ఉప్పు సరిపోయిందో లేదో చూడమని ఓ చుక్క వేస్తారే, దానికి చాచినట్టు, కాసేపుంచి, నోటిదాకా తీసుకెళ్ళి, బాగుందన్నట్టు తలూపింది.

ఏమేవ్ ఇలా రా, తొందరగా, అని అరిచాడు, ఏం టాంకులో పడ్డారేంటండీ అని తడి మొహం తుడుచుకుంటూ భార్య మెట్లెక్కి వచ్చింది, ఆయన వేలు చూపించాడు, గీతలు, గుమ్మాలు, వెనక గదిలో ఆవిడ, భార్య చూసింది, వేలితో గాల్లో ఒక్కో గదీ తడుముకుంటూ చూసింది, వెనక గది దగ్గర వేలు ఆగిపోయింది, వంటిల్లని చెప్తూనే ఉందండీ, రోజూ చెప్తూనే ఉంది, నేనే కసురుకున్నాను, అంది, నువ్వు కసురుకుంటే నేను ఏకంగా డాక్టరు ముందు సాక్ష్యం చెప్పాను, అన్నాడు, ఆవిడ దారి తప్పలేదే, ఒక్కరోజూ తప్పలేదు, ఆ మేట్రన్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పు, మరి పాలు పొంగిపోతేనో, అంది భార్య, పొంగితే పొంగనీ, స్టవ్ నేను తుడుస్తాను, పిల్లాడి పేరు రోజుకి పదిసార్లడిగినా నేను చెప్తాను, అనేసి ఆయన మెట్లు దిగాడు, చెప్పులు లాన్ బయటే వదిలాడు, అంచుకి వచ్చాక కాలు ముందుకి పడలేదు, పందొమ్మిదేళ్ళు ఆదివారం ఆదివారం మిషన్ తోలుకుంటూ ఆ ఇంటి గోడల్లోంచి అడ్డంగా పోయిన మనిషి ఇప్పుడు గుమ్మం ముందు పరాయివాడిలా నిలబడ్డాడు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు, అత్తయ్యా, లోపలికి రావచ్చా, అన్నాడు, ఆవిడ వెనక్కి తిరిగి చాలాసేపు చూసింది, రెండేళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళెవరూ లేరు, మొహమంతా వెలుగొచ్చింది, బయటే నిలబడ్డావేం బాబూ, తలుపు తీసే ఉందిగా, అంది, ఆయన కాలెత్తి గడప దాటాడు, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగి గీతలన్నీ చెదిరిపోయాయి, రేపో మాపో వాన పడితే నిజంగానే చెదిరిపోతాయి, గడ్డి మళ్ళీ కమ్ముకుంటుంది, అప్పుడు ఏ గుమ్మం ఎక్కడో, ఎక్కడ తల వంచాలో ఆవిడనే అడగాలి, ఇప్పటినుంచే వెనకాల నడిచి నేర్చుకోవాలి, ఈ ఇంట్లో దారి తెలిసిన మనిషి ఆవిడొక్కతే.