ఇంటివాళ్ళకీ బొట్టు

ఝాన్సీ ఒకసారి సరిచూసి టిక్కు పెట్టిందంటే ఇక దానికి తిరుగులేదని విజయనగరం ఆఫీసులో అందరికీ తెలుసు. అందరికన్నా బాగా ఝాన్సీకి తెలుసు. అలాంటి మనిషికి, తప్పు తను టిక్కు పెట్టిన కాగితాల్లోనే ఉందని తెలియాలంటే ఎంత దూరం వెళ్ళాలి? కళింగపట్నం దాకా వెళ్ళాలి. అక్కడ కూడా భోజనం మధ్యలో, ఎంగిలి చేత్తో తెలియాలి.

ఆఫీసంటే గంటస్తంభానికి దగ్గర్లో, ఎరువుల కొట్టు మేడ మీద రెండు గదులు, ఆరుగురు మనుషులు. సముద్రం మీదికి వెళ్ళే పడవలవాళ్ళకి ముందుగా కబురు చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ళు తయారు చేస్తున్నారు. గాలి తిరిగినా కెరటం లేచినా పడవవాడి ఫోను మోగుతుంది. ఆ ఊరి యాసలోనే ఒక గొంతు "ఈయేళ ఎల్లకండి" అని చెబుతుంది.

ఇంత పనిని ఒకే ముద్దగా చేస్తే ఒక మూల పుచ్చినా అంతా పుచ్చినట్టే. అందుకని పదకొండు భాగాలుగా విడగొట్టారు. గాలి లెక్కలు చూసేది 'గాలి', పడవల వివరాలు దాచేది 'పడవ', మాట్లాడేది 'గొంతు', ఇలా ముద్దు ముద్దు పేర్లు. ఈ భాగాలన్నిటినీ వరసగా పేర్చి ఒక్కటిగా కట్టే పనిముట్టు వేరే ఉంది, దాన్ని బిల్డ్ అంటారు. దానికి సొంత తెలివి లేదు. ప్రతి భాగమూ తన పరిచయపత్రం ఒకటి చేతికిస్తే తప్ప కదలదు. నేను ఫలానా, నా పని ఇది, నాకంటే ముందు ఫలానావాళ్ళు సిద్ధంగా ఉండాలి, అని అందులో రాసి ఉండాలి. రాసినదాన్ని నమ్ముతుంది. రాయనిది ఎదురుగా కూర్చున్నా చూడదు.

ఆ పత్రాలు రాయించే పని ఝాన్సీది. పాత పద్ధతిలో అన్నీ ఒకే సంచిలో పోసి కుట్టేసేవారు. అది పనికిరాదని పోట్లాడి, మూడు నెలల కిందట ఈ కొత్త పనిముట్టుని తెచ్చింది కూడా తనే. మొదటి రోజు అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చెప్పింది.

"బయట నుంచి తెచ్చుకున్నవి ఒక్కటీ మర్సిపోకండి. ఎవులి దగ్గర ఏటి తీసుకున్నామో పేరు పేరునా రాయండి. తర్వాత నాను సూస్తాను."

"మరి మన సొంతవో?" అని అడిగాడు ధర్మేంద్ర. కుర్రవాడు కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, ఝాన్సీ తరవాత ఆఫీసులో పెద్దవాడు.

దానికి నరసింగరావు నవ్వాడు. "ఇంటోళ్ళకి పిలుపేట్రా? కూడుడికితే ఆలే వస్తారు."

అందరూ నవ్వారు. ఝాన్సీ కూడా నవ్వింది. మా వైపు శుభకార్యం వస్తే అంతే కదా, ఊరందరి పేర్లూ జాబితాలో ఎక్కుతాయి, ఇంటివాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? నవ్వు అక్కడితో అయిపోయింది, పని మొదలైంది. ఆ నవ్వే తరవాత కొంప ముంచబోయింది.

నరసింగరావుకి అరవై దాటాయి. గరివిడి ఫ్యాక్టరీలో కంప్యూటర్ల గదిలో పని చేసి రిటైరైన మనిషి. ఇంట్లో తోచక ఇక్కడ చేరాడు. తేదీలు, టైము, ఫోను నంబర్లు, తెలుగు అక్షరాలు చూసుకునే 'పునాది' అనే భాగం ఆయన రాసిందే. మిగతా భాగాలన్నీ దాని మీదే నిలబడ్డాయి. కబురు చెప్పే గొంతు కూడా ఆయనదే. వచ్చే నెలలో ఆయన కూతురి పెళ్ళి.

హైదరాబాదులో ఉండే యజమాని సంగతి తేల్చేశాడు. బుధవారం నాడు కళింగపట్నంలోని పడవల ఆఫీసులో, వాళ్ళ కొత్త కంప్యూటర్లో, వాళ్ళ కళ్ళ ముందే మొత్తం కట్టి చూపించాలి. కడితే తీరమంతా పని వీళ్ళదే. కట్టలేకపోతే నెలాఖరుకి విజయనగరం ఆఫీసు మూత, ఆరుగురూ హైదరాబాదు రావడమో మానుకోవడమో వాళ్ళ ఇష్టం.

"సాయంత్రం దాకా ఎందుకు సార్, పదకొండుకల్లా కట్టేసి ఫోన్ చేస్తాను," అంది ఝాన్సీ. అతిశయం కాదు, నిజంగానే నమ్మింది. పత్రాలు మూడుసార్లు చదివింది మరి.

బుధవారం పొద్దున్నే ఝాన్సీ, నరసింగరావు కారులో బయల్దేరారు. శ్రీకాకుళం దాటాక నరసింగరావు కాస్త దిగులుగా కనిపించాడు. వాళ్ళ అప్ప, అంటే అక్క, జగ్గమ్మ కళింగపట్నంలోనే ఉంటుందట. మొన్న పెళ్ళి పసుపు కొట్టిన రోజున రాలేదట.

"ఫోనెత్తదు, మాటాడదు. ఏటైందో తెల్దు. మద్దేన్నం ఆలింటికే బోయినానికి ఎల్దుమమ్మా, నువ్వుంటే తిట్టదు."

పడవల ఆఫీసు సముద్రానికి దగ్గరే. కిటికీ తెరిస్తే ఎండు చేపల వాసన. ఆఫీసరు లీలారాణి మెడలో సన్నటి సిలువ గొలుసు, బల్ల మీద సీలు విప్పని కొత్త కంప్యూటరు.

"మీ ఊళ్ళో బాగా పని చేస్తుందని వినీ వినీ నా చెవులు నిండిపోయాయి," అందావిడ. "ఇందులో ఏమీ లేదు, ఖాళీ. మీ సరుకు పెట్టుకోండి, కట్టండి. మూడింటికి నేను పైకి రిపోర్టు పంపాలి. అయ్యిందా, అవలేదా, అంతే రాస్తాను."

"అయ్యిందనే రాసి ఉంచుకోండి మేడం," అని ఝాన్సీ బిల్డ్ మొదలుపెట్టింది.

మొదటి భాగం దగ్గరే ఆగిపోయింది. 'గాలి'కి 'పునాది' దొరకలేదు అని ఎర్రగా ఒక వరస వచ్చింది.

దొరక్కపోవడమేమిటి? ఫోల్డరు కళ్ళెదుట ఉంది. తెరిచి చూస్తే ఫైళ్ళన్నీ ఉన్నాయి. సరుకు సరిగ్గా దిగలేదేమోనని మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ అక్కడే ఆగింది. ఆఫీసుకి ఫోన్ చేసింది.

"మనకాడ సుబ్బరంగా కడతన్నాదక్కా," అన్నాడు ధర్మేంద్ర. "ఇప్పుడే ఇంకోపాలి కట్టినాను."

"పత్రాల్లో ఏటైనా తేడా ఉంటాదేమో?" అన్నాడు నరసింగరావు మెల్లగా.

"పత్రాలు నాను సూసినాను బాబాయ్," అంది ఝాన్సీ. ఆ గొంతు విన్నాక ఆయన మళ్ళీ అడగలేదు. కంప్యూటరుని అనుమానించింది, కేబులుని అనుమానించింది, చివరికి కరెంటుని కూడా అనుమానించింది. తనని తప్ప అన్నిటినీ అనుమానించింది. పన్నెండున్నర అయింది. యజమానికి పదకొండుకి చేస్తానన్న ఫోను చేయలేదు. మొదటిసారి ఆమెకి భయం వేసింది.

"తిని రండి," అంది లీలారాణి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

జగ్గమ్మ ఇల్లు రెండు వీధుల అవతల. మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. ఝాన్సీకి పీట వేసింది, చెంబుతో నీళ్ళిచ్చింది, వేడన్నంలో చింతపండు పులుసు, ఎండు నెత్తళ్ళ వేపుడు వడ్డించింది. తమ్ముడికి కూడా వడ్డించింది గానీ మొహం చూడలేదు. నాలుగు ముద్దలు దిగాక నరసింగరావే కదిపాడు.

"పసుపు కొట్టిన్నాడు రానేదేటప్పా?"

అంతే, గట్టు తెగింది.

"పిలవని పేరంటానికి రాడానికి నానేటి, సిగ్గులేందాన్నా?"

"సొంత అప్పవి. నీకు బొట్టెట్టి పిలవాలేటి?"

"మరెవులికెడతావురా? మీ ఈదిలో అరవై గడపలెక్కి బొట్టెట్టించినావు. పెద్ద కాగితం రాసుకున్నావంట కదా, ఒక్క పేరు పోకుండా. అందులో నా పేరున్నాదా?"

"ఇంట్లోదానివి కదప్పా, నీ పేరెందుకు రాస్తాను?"

"ఇంట్లోదాన్ని గాబట్టి రాయనేదు. రాయనేదు గాబట్టి ఎవులూ పిలవనేదు. ఎవులూ పిలవనేదు గాబట్టి నానిక్కడే కూకున్నాను. నానున్నానా నేదా? ఉన్నాను! ఉంటే సరిపోద్దేట్రా? పిలవాల!"

ఝాన్సీ చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

'పునాది' ఉంది. కళ్ళెదుట ఉంది. కానీ ఒక్క పత్రంలోనైనా దాని పేరుందా? బయటినుంచి తెచ్చినవన్నీ పేరు పేరునా రాయించింది. మూడుసార్లు చదివింది కూడా ఆ బయటి పేర్లే. సొంత భాగాల పేరు ఎవరూ రాయలేదు, తను అడగలేదు. విజయనగరంలో అందరి కంప్యూటర్లలోనూ 'పునాది' ఎప్పటినించో కట్టి సిద్ధంగా కూర్చుని ఉంది, అందుకే అక్కడ పిలవకపోయినా పని జరిగింది. ఈ కంప్యూటరు కొత్త ఇల్లు. ఇక్కడ పిలిస్తేనే లేచి వస్తుంది.

"బాబాయ్, మనం పునాదికి బొట్టెట్టనేదు!" అంటూ లేవబోయింది.

"కూర్సో!" అని జగ్గమ్మ భుజం నొక్కింది. "కూటి ముందు నుంచి లెగకూడదు. ఏ బొట్టైనా తిన్నాకే."

గబగబా తిని, చెయ్యి కడుక్కుని, ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. లీలారాణి ఎదురుగా నిలబడి ఝాన్సీ ఏమీ దాచకుండా చెప్పింది. "మీ కంప్యూటరు తప్పు లేదు మేడం. తప్పు నాది. మా పత్రాల్లో మా సొంతవాళ్ళ పేర్లు రాయలేదు. గంట చాలు."

"గంటన్నర ఉంది," అంది లీలారాణి, గడియారం చూసి.

ఝాన్సీ ఒక్కొక్క పత్రం తెరిచింది. 'గాలి' మొదలుకుని అన్నిటిలోనూ ముందు వరసలో 'పునాది' అని రాసింది. 'కెరటం' ఎవరి మీద ఆధారపడుతుంది, 'గొంతు'కి ఎవరు కావాలి, నరసింగరావు పక్కన కూర్చుని చెబుతుంటే ఎవరికి ఎవరు ముందో వరస తేల్చింది. ఇప్పుడు మొండితనం లేదు, పట్టుదల ఉంది. రెండూ వేరు. రెండుంబావుకి మళ్ళీ బిల్డ్ మొదలైంది.

'పునాది' కట్టింది. 'గాలి' కట్టింది. 'కెరటం', 'పడవ', 'గొంతు', ఒక్కొక్కటీ పచ్చగా దాటుతున్నాయి. చిట్టచివరి భాగం దగ్గర మళ్ళీ ఎర్ర వరస. 'సూది' దొరకలేదు.

'సూది' ఝాన్సీ రాసింది. చాలా చిన్న భాగం, మిగతావాటిని ఒకదానితో ఒకటి కుట్టడమే దాని పని. ఫోల్డరు తెరిచింది. అందులో పత్రం లేదు. తప్పు రాయడం కాదు, అసలు పత్రమే రాయలేదు. అందరి చేతా రాయించి, అందరివీ దిద్ది, తనది రాయాలన్న ఊహే రాలేదు.

నరసింగరావు తెర వైపు చూసి, ఆమె వైపు చూశాడు. నవ్వాడు గానీ ఎగతాళి లేదు.

"అందరికీ బొట్టెట్టినావమ్మా. నీకెవులెట్టినారు?"

ఝాన్సీకి నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కళ్ళు తుడుచుకుని నాలుగు వరసలు రాసింది. నా పేరు సూది. నా పని కుట్టడం. నాకంటే ముందు వీళ్ళందరూ కావాలి. నన్ను చూసుకునే మనిషి ఝాన్సీ.

రెండూ నలభైకి పదకొండూ పచ్చగా నిలబడ్డాయి.

"ఒక ఫోన్‌కి పంపి చూపించండి," అంది లీలారాణి. నరసింగరావు తనకి కంఠతా వచ్చిన నంబరు ఒకటి చెప్పాడు. కబురు వెళ్ళినట్టు తెర మీద కనిపించింది. లీలారాణి కుర్చీ దగ్గరికి జరుపుకుని, అయ్యింది అని టైపు చేసి, రిపోర్టు పంపింది. ఆ తరవాత ఝాన్సీ యజమానికి ఫోన్ చేసింది. పదకొండన్నది మూడయింది, కానీ కట్టింది. ఇక ఎవరూ హైదరాబాదు వెళ్ళక్కర్లేదు.

ఊరు దాటకముందే నరసింగరావు కారు ఆపించి ఒక కొట్లో కుంకుమ బరిణె కొన్నాడు.

"మీ పిన్ని విజయనగరంలో ఉండిపోనాది. బొట్టు ఆడమనిషే ఎట్టాల కదా. నువ్వెట్టమ్మా, మాయింటి తరపున."

మళ్ళీ తన గుమ్మంలో వీళ్ళని చూడగానే జగ్గమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏరా, ఫోన్ సేసి అచ్చం నీ గొంతుతోనే 'సముద్రం మీదికి ఎల్లకండి' అంతన్నాడెవుడో! నానెప్పుడెల్లినానురా సముద్రం మీదికి? పెళ్ళికి రమ్మని మట్టుకు ఒక్క ముక్క నేదు!"

"అది సెప్పడానికి మనిషే రావాల కదప్పా. వొచ్చినాను," అన్నాడు నరసింగరావు.

ఝాన్సీ బరిణె మూత తీసి జగ్గమ్మ నుదుట బొట్టు పెట్టింది. "పెళ్ళికి మీరు ముందుగా రావాలత్తా. మేనత్త పీట మీకే."

జగ్గమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది, బొట్టు మాత్రం చెదరకుండా. తమ్ముడి వైపు తిరిగింది.

"మరి ఈ పిల్లని పిలిసినావేట్రా పెళ్ళికి?"

"ఝాన్సీకి పిలుపేటప్పా, మన ఇంటి పిల్లే క..."

మాట సగంలోనే నరసింగరావు నాలుక కరుచుకున్నాడు. అప్పటికే జగ్గమ్మ ఝాన్సీ చేతిలోని బరిణె లాక్కుని, వేలు కుంకుమలో ముంచింది.