పండిన రాళ్ళు

కళ్ళద్దాలాయన షాపు షట్టరు ఎత్తగానే చేసే మొదటి పని ఉప్పునీటి తొట్టి అద్దం తుడవడం. రెండోది, ముందురోజు ఆవిరైపోయినంత మంచినీళ్ళు పొయ్యడం. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి మళ్ళీ ఉప్పునీళ్ళే పొయ్యకూడదు. ఈ చిన్న ముక్క తెలీక ఎంతమంది తమ చేపల్ని ఊరగాయ పెట్టేశారో! గిరాకీ సంగతి ఆ తర్వాతే.

తొట్టిలో పూటకోసారి పోటు వచ్చేది. ఆటు వేళ నీళ్ళు జానెడు దిగి, రాళ్ళ నెత్తులు బయటపడేవి. చూపు పరీక్షకి వచ్చినవాళ్ళు, "పోటు ఎక్కాక చదువుతాంలెండి, ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు" అని కుర్చీలో కూలబడేవారు.

ఊదారంగు తిరిగిన ఆ రాళ్ళ మధ్య, మెదడులా మడతలు పడ్డ పగడం ఒకటుండేది. పెళ్ళైన కొత్తలో భార్య కొనిపెట్టింది. అప్పుడు బొటనవేలి గోరంత, ఇప్పుడు కొబ్బరికాయంత. తొట్టి ఇరుకైపోయింది. అదే చోట పెద్దది కట్టించాలి.

కట్టేవాడు తోడల్లుడు, భార్య చెల్లెలి మొగుడు. చేపల తొట్ల వ్యాపారం. నోరు ఒక్క క్షణం మూతపడదు కాబట్టి ఇంటిల్లిపాదీ బుడగ అనేవాళ్ళు. నీళ్ళు శుభ్రం చేసే ఏర్పాటు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

"అన్నయ్యా, ప్లాస్టిక్ బంతులు పెట్టేద్దాం. కింద డబ్బాలో పోసి పైనుంచి నీళ్ళు వదిలితే, సూక్ష్మజీవులు వాటి మీదే కాపురం పెడతాయి. ఎన్నాళ్ళు మోస్తావ్ ఆ రాళ్ళని?"

"బంతుల మీదివి సగం పని చేసి చేతులు దులుపుకుంటాయి. చేపల మురికిలో విషాన్ని విరుస్తాయి కానీ మిగిలిన మడ్డి పేరుకుంటూనే ఉంటుంది. చేపలు ఓర్చుకుంటాయి, పగడం ఓర్చుకోదు. రాయి లోపల గాలాడని బొరియల్లో ఉంటాయే, అవి ఆ మడ్డిని కూడా తినేస్తాయి. నావి ఏళ్ళ తరబడి నీళ్ళలో నాని పండిన రాళ్ళు నాయనా."

"సరే, నీ ఇష్టం. కొత్త తొట్టి జిగురు ఆరేదాకా అన్నీ మా షాపులో ఉంచుతాను."

కళ్ళద్దాలాయనే రాళ్ళన్నీ ఎత్తి అతని వ్యానులో పెట్టాడు. ఆరిపోకుండా తడిగుడ్డ కప్పాడు.

జిగురు ఆరింది. పగడమూ చేపలూ తిరిగొచ్చాయి. ఊదారంగు రాళ్ళూ వచ్చాయి. పోటు మాత్రం రాలేదు.

"తొట్టి మారింది కదా, అలవాటు పడనీ" అన్నాడు బుడగ.

పరీక్ష గొట్టంలో పసుపుగా ఉండాల్సిన నీళ్ళు ఆకుపచ్చకి తిరిగాయి. అంటే విషం. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. నీళ్ళు మారిస్తే మర్నాటికి మళ్ళీ ఆకుపచ్చే. పగడం అంచుల్లో తెల్లటి ఎముక కనబడసాగింది. చివరికి ఒక రాయి తీసి గోటితో గీకాడు. ఊదా పొడి రాలింది, లోపలంతా సుద్దలా తెల్లగా ఉంది. చచ్చిన రాయికి వేసిన రంగు. ఊరందరి కళ్ళూ చూసే మనిషి, అయినవాడు తెచ్చాడు కదా అని దాన్ని భూతద్దం కింద పెట్టనేలేదు.

కళ్ళద్దాలు బిగించుకోడానికి వచ్చినావిడ ఆ మాటా ఈ మాటా చెబుతూ, "మీ పోటు హోటలుకి మారిందటగా? నిన్న లాబీలో లిఫ్టు కోసం నిలబడితే నా చెప్పులు తడిశాయి" అంది.

హోటల్లో తొట్టి కట్టింది బుడగే. కళ్ళద్దాలాయన తిన్నగా అతని షాపుకి వెళ్ళాడు.

"రాళ్ళ మీద పేర్లేమన్నా రాసుంటాయా అన్నయ్యా?" అన్నాడు బుడగ, పైపు చుట్టుకుంటూ. తర్వాత గొంతు తగ్గింది. "ప్రారంభోత్సవం ముంచుకొచ్చింది. కొత్త రాళ్ళు పండాలంటే నెల పైనే పడుతుంది. ఆ పని పోతే నేను షాపు మూసుకోవాలి. అయినా వదినకి చెప్పే చేశాను."

కళ్ళద్దాలాయన కూర్చోడానికి ఏదైనా ఉందేమోనని చుట్టూ చూశాడు.

ఇంట్లో భార్య బట్టలు మడతపెడుతోంది.

"నీకు ముందే తెలుసా?"

"చెల్లెలు వచ్చి ఒకటే ఏడుపండీ. రాళ్ళేగా, మళ్ళీ పండుతాయిలే అనుకున్నాను."

"మరి పగడం?"

ఆవిడ చొక్కా మడత విప్పి మళ్ళీ మడిచింది.

"రోజూ ఆ గొట్టం తెచ్చి నీకు చూపించాను. ఎందుకు విషమెక్కుతోందో అంతుపట్టడం లేదన్నాను. నువ్వు దీపం దగ్గరికి జరిపి మరీ చూశావు."

ఆవిడ మడిచిన బట్టలు తీసుకెళ్ళి బీరువాలో సర్దింది.

పగడం బతకాలంటే ఆ రాళ్ళ దగ్గరికే పోవాలి. బకెట్లో పెట్టుకుని హోటలుకి వెళ్ళాడు. "ఎవరండీ మీరు?" అన్నాడు మేనేజరు. "ఈ రాళ్ళ తాలూకు మనిషిని" అని చొక్కా చేయి పైకి మడిచి, పగడాన్ని రెండు రాళ్ళ నడుమ ఆనించాడు. వేళ కాకపోయినా నీళ్ళు అతని మోచేతిదాకా లేచాయి. మేనేజరు వాచీ చూసుకుని, అతనికో కుర్చీ వేయించాడు. కొద్ది రోజుల్లో తొట్టి చూసే పనీ బుడగ నుంచి తీసి అతనికే ఇచ్చాడు. పగడం అంచులు మళ్ళీ రంగెక్కుతున్నాయి. సాయంత్రం ఆటు రాగానే అతను ఇంటికెళ్ళి, నోరు విప్పకుండా తిని పడుకునేవాడు.

ఒకనాడు భార్యే లాబీకి వచ్చింది. పగడాన్ని చూసి, "కోలుకుందే!" అంది. "ఇవాళ కలిసి వెళ్దామండీ. నాతో ఒక్క మాటైనా మాట్లాడండి, తిట్టండి పోనీ" అంది.

"నీళ్ళు తగ్గనీ, వస్తాను" అన్నాడు.

ఆవిడ పక్కన కూర్చుంది. సాయంత్రమైంది, లాబీలో దీపాలు వేశారు. నీళ్ళు అంచుదాకా నిండి అలాగే ఉన్నాయి. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని ఒక్కతే వెళ్ళిపోయింది. ఆ రోజు ఆటు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. మేనేజరు మెట్ల కింద గది తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెడుతూ, "కిటికీ లేదండీ, ఏమీ అనుకోకండి" అన్నాడు.